బిల్లియర్డ్సు బల్లయు, మా మూడు తరములును

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, వారు మానుండి కోరినది బెంగుళూరు తెలుగువారి పండుగలనుగూర్చియో, పాతపేటలోని భజన మందిరములనుగూర్చియో అయి యుండును. ఆ విషయములను మాకంటె పెద్దలు, మాకంటె చదువుకొన్నవారు వెనుకటి సంచికలలో వ్రాసియే యున్నారు. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, 37 సంవత్సరములు ప్రభుత్వ కచేరీలో దస్త్రములు మోసి విశ్రాంతి పొందినవారము. మాకు తెలిసినది కొంచెము. ఆ కొంచెములో చదువరులకు క్రొత్తగా తోచగలది ఒక్కటే యున్నది. అది పచ్చని బనాతు పఱచిన బల్లమీద కఱ్ఱతో బంతులను కొట్టు ఆట. దీనికిని తెలుగు సంఘమునకును సంబంధ మేమని అడుగువారు కొంత ఓపిక పట్టవలయును.

మా తండ్రిగారు పలమనేరు ప్రాంతమువారు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కొన్ని యేండ్లకు, వానలు లేక పొలము బీడుపడిన కాలమున, బెంగుళూరు దండుకు వచ్చి ఒక క్లబ్బులో మార్కరు పనికి కుదిరిరి. మార్కరు అన నేమో నేటి పిల్లలకు తెలియదు. తెల్లవారకముందే బల్లను తుడుచుట, బనాతు నూగు ఏ దిక్కునకు వ్రాలునో ఆ దిక్కునకే కుంచెతో దువ్వుట, దానిమీద ఇస్త్రీపెట్టెను మెల్లగా నడపుట, కఱ్ఱల కొనలకు తోలుబిళ్ళలు అంటించుట, ఆట జరుగుచుండగా గోడమీది పలకపై లెక్క జరుపుచు పెద్దగొంతుతో చెప్పుట, ఇవి యన్నియు మార్కరు పనులు. ఆ బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గలది. బనాతు క్రింద నుండునది కొయ్య కాదు, రాతిపలకలు, మామూలుగా ఐదు. వానిలో ఒకటి వెండ్రుకవాసి వాలినను బంతి దారి తప్పును. మా తండ్రిగారు బంతిని మెల్లగా దొర్లించి, వంగి చూచి, "తూరుపు మూల దిగింది" అని చెప్పెడివారు. రసమట్టము తెచ్చి చూచినచో ఆ మాట నిజమే యయ్యెడిది.

ఆటయు వారికి వచ్చును. చాల బాగుగ వచ్చును. కాని సభ్యులలో ఎవరికైన జోడు దొరకనినాడు తప్ప కఱ్ఱ పట్టుటకు వీలులేదు. పట్టినను గెలువరాదని ఎవరును నోట చెప్పలేదుగాని, గెలువరాదని వారికి తెలియును. క్లబ్బు పేరు ఇచట వ్రాయము. ఆ క్లబ్బు ఇప్పుడును ఉన్నది. ఆ మనుష్యులు లేరు.

1958లో కలకత్తాలో జరిగిన ప్రపంచ అమెచ్యూరు బిల్లియర్డ్సు పోటీలలో విల్సన్ జోన్స్‌గారు గెలుపొంది, స్వతంత్ర భారతమున వ్యక్తిగత క్రీడలో తొలి ప్రపంచ విజేత యైరి. మరల 1964లో న్యూజిలాండులో గెలిచిరి. మొదటి విజయము నాటికి మేము పుట్టలేదు. కాని ఆ వార్త అచ్చయిన పత్రికతునక మా తండ్రిగారి రేకుపెట్టెలో, రేషనుకార్డుల క్రింద, చాల కాలము ఉండెను. జోన్స్‌గారిని వారు ఎన్నడును చూచి యెఱుగరు. ఐనను ఎవరో తమ దగ్గఱి చుట్టమునుగూర్చి మాటాడినట్లు మాటాడెడివారు.

ఈ ఆట పరాయిదని మనలో కొందఱు తీసివేయుదురు. బిల్లియర్డ్సు మాట ఎట్లున్నను, స్నూకరు పుట్టినది మన దేశముననే. 1875లో జబల్పూరులో వానకాలమున బయటికి పోలేక కాలక్షేపము చేయుచున్న ఆంగ్ల సైనికాధికారులు, పాత ఆటలలో రంగుబంతులు కొన్ని కలిపి దీనిని కల్పించిరి. నెవిల్ చేంబర్లేన్ అను యువకాధికారి దీనికి మూలపురుషుడు. శిక్షణశాలలో క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని వేళాకోళముగా పిలుచు మాట స్నూకరు. సులభమైన బంతిని తప్పించినవానిని అతడు ఆ మాటతో వెక్కిరింపగా అదియే ఆటకు పేరయ్యెను. తరువాత 1882లో నీలగిరులలోని ఊటీ క్లబ్బులో ఈ ఆట నిబంధనలను వ్రాసి గోడకు తగిలించిరి. ఊటీ మన కోయంబత్తూరు సోదరులకు ఒక పూట ప్రయాణము. ఇంగ్లండువారు పెద్ద పెద్ద బహుమానములు పెట్టి ఆడుకొనుచున్న ఆటకు శాసనము వ్రాసినది మన కొండమీదనే యని వారు పిల్లలకు చూపవచ్చును.

ఇక పూల్ అనునది వేఱు. బల్ల చిన్నది, 9 అడుగులకు నాలుగున్నర అడుగులు. బంతులు పెద్దవి, వానిమీద అంకెలు. ఈ ఆట అమెరికాలో పెంపొందెను. పూల్ అన్నచో పందెపు సొమ్మును ఒకచోట కూర్చుట. అచట 19వ శతాబ్దిలో గుఱ్ఱపు పందెములకు సొమ్ము కట్టు శాలలలో, ఫలితము తెలియువఱకు ప్రొద్దు పోవుటకై ఈ బల్లలు వేసిరి. చెడ్డపేరు శాలలకు రావలసినది బల్లలకు వచ్చెను. మన ఇండ్లలో నేటికిని "పూల్" అనగానే పెద్దవారు ముఖము చిట్లించుటకు కారణము ఇదియే. వారికి ఆ చరిత్ర తెలియకపోయినను వాసన తెలియును.

మా పెద్దకుమార్తె రెండవ కొడుకు పదమూడవయేట ఈ బల్లకు తగులుకొనెను. బడికి సమీపమున ఒక మిద్దెమీద నాలుగు పూల్ బల్లలు వేసిన అంగడి యుండెను. వాడు ట్యూషనుకు పోవుచున్నాడని మేమందఱమును అనుకొంటిమి. మా అల్లునిగారికి తెలిసినరోజున ఇంటిలో రెండు పూటలు పొయ్యి వెలుగలేదు. మా ఇంటివారు దేవునిగదిలో కూర్చుండి, "మార్కరు కొడుకు గుమాస్తా అయితే, గుమాస్తా మనవడు మళ్ళీ మార్కరవుతాడా?" అని మమ్ము అడిగిరి. మేము ఏమియు అనక సాయంకాలము ఆ మిద్దె ఎక్కితిమి. పొగ లేదు, పందెము లేదు. మూల బల్లదగ్గఱ మా మనుమడు ఒంటరిగా ఒకే బంతిని ఒకే పాకెట్టులోనికి కొట్టుచు, తెల్లబంతి ఆగు చోటును మార్చి మార్చి చూచుకొనుచుండెను. ఆ వంగుటలో మా తండ్రిగారి నడుము మాకు కనబడెను. నాటి రాత్రి అల్లునిగారితో రెండు గంటలు మాటాడితిమి. ఆటకు సరియైన చోటు, సరియైన గురువు దొరకినచో చూతమని ఆయన ఒప్పుకొనిరి.

మా ఇంటివారిని ఒప్పించినది మేము కాదు, రేవణ్ణ ఉమాదేవిగారి కథ. ఆమె కర్ణాటక ప్రభుత్వపు తోటల శాఖలో టైపిస్టు. 1995లో కబ్బన్ పార్కులోని సచివాలయ క్లబ్బుకు టేబుల్ టెన్నిసు ఆడబోయి, అచట తమ వంతు వచ్చుటకు ఆలస్యము కాగా ప్రక్కనున్న బిల్లియర్డ్సు బల్లవైపు నడిచిరి. అంతకు ముందెన్నడును కఱ్ఱ పట్టని ఆ ఉద్యోగిని 2012లో ప్రపంచ మహిళా బిల్లియర్డ్సు విజేత యైరి. మేమును కచేరీవారమే గావున ఈ సంగతి చెప్పునప్పుడు మా గొంతు కొంత పెద్దదగును. "టైపు కొట్టే అమ్మాయే కదా!" అని మా ఇంటివారు మూడు మార్లు అనిరి. మఱునాడు మనుమనికి టిఫిను కట్టి పంపిరి.

ఆట నేర్చుట ఒకటి, జట్టులో చోటు సంపాదించుట మఱియొకటి. దేశపు జట్టునకు దారి ఇట్లుండును. మొదట రాష్ట్రమున జరుగు పోటీలలో ముందు వరుసను నిలువవలయును. అట్లు నిలిచినవారే జాతీయ పోటీలకు పోవుదురు. అచట రాష్ట్రములేగాక రైల్వేవారును, పెట్రోలియము సంస్థలవారును తమ తమ ఆటగాండ్రను పంపుదురు. ఆ గుంపులో మరల పైకి తేలిన కొద్దిమందికే విదేశములకు పోవు అవకాశము. ఇందులో కర్ణాటకమున పుట్టుట ఒక వరము, ఒక శాపము. వర మేమనగా మంచి బల్లలు, మంచి గురువులు, చూచి నేర్చుకొనుటకు గొప్ప ఆటగాండ్రు. 2014లో బెంగుళూరున ప్రపంచ స్నూకరు పోటీలు జరిగినప్పుడు యాన్ బింగ్‌టావో అను పద్నాలుగేండ్ల చైనా బాలుడు గెలుచుట ఈ ఊరు చూచెను. (ఆ బాలుడే పెద్దవాడై మిల్టన్ కీన్స్‌లో గొప్ప బిరుదమును గెలిచి, పిదప ఫలితములు తారుమారు చేసిన నేరమునకు 2023లో ఐదేండ్లు నిషేధింపబడెను. మా అల్లునిగారు ఈ వార్తను కత్తిరించి చలువపెట్టెకు అంటించిరి.) శాపము కూడ అదియే. ఒక్క చోటునకు పదిమంది తగినవారు నిలుతురు. ఇతర రాష్ట్రములలో మొదటివాడు కాగలవాడు ఇచట ఏడవవాడు.

వాడు పంతొమ్మిదవ యేట రాష్ట్రపు పూల్ ఎంపికలో కడపటి చోటునకు ఆడిన ఆటను మేము చూచితిమి. తొమ్మిది బంతుల ఆట. బల్లమీద నున్న బంతులలో అన్నిటికంటె చిన్న అంకెగల దానినే తెల్లబంతి మొదట తాకవలయును. తొమ్మిదవ బంతిని న్యాయముగా పడవేసినవాడు ఆ ఆట గెలుచును. ముందుగా ఏడు గెలిచినవానికి చోటు. ఆఱు ఆఱుగా నిలిచినప్పుడు గదిలో విసనకఱ్ఱ చప్పుడు తప్ప మఱేమియు లేదు. కడపటి ఆటలో వాడు ఒకటినుండి ఎనిమిదివఱకు వరుసగా పడవేసెను. తొమ్మిదవ బంతి మూల పాకెట్టు నోటనే యున్నది. మేము కొట్టినను పడును. వాడు కొట్టెను, బంతి పడెను. తెల్లబంతి రెండు గట్లు తాకి, బల్లను అడ్డముగా దాటి, నడిమి పాకెట్టు అంచున ఒక్క నిమేషము నిలిచినట్లే నిలిచి, అదియు పడెను. అట్లయినచో అది తప్పు. తొమ్మిదవ బంతిని తీసి మరల బల్లమీద నుంచుదురు. తెల్లబంతి ఎదిరివాని చేతికి, ఇష్టమైనచోట పెట్టుకొని కొట్టుటకు, వచ్చును. ఎదిరివాడు తలవంచుకొని, ఏదో దొంగతనము చేయువానివలె దానిని పడవేసి, మావానితో చేయి కలిపెను. మావాడు కఱ్ఱను రెండుగా విప్పి, తుడిచి, సంచిలో పెట్టుకొనెను. ఇంటికి వచ్చువఱకు బస్సులో మాటాడలేదు. మేమును మాటాడింపలేదు.

అప్పుడు తిరుపతినుండి మా బావమఱది ఫోను చేసెను. "అక్కడ పదిమందితో పెనుగులాడుట ఎందుకు? వాణ్ణి ఇక్కడకు పంపండి బావగారూ. మా చిరునామా మీద పత్రాలు మారుద్దాం. ఆంధ్ర తరపున ఆడితే మొదటి యేడే జాతీయ పోటీలకు పోతాడు. అయినా వాడు తెలుగువాడే కదా!" ఈ కడపటి మాట మా ఇంటిలో పడి చాల రోజులు దొర్లెను.

ఆ ఉగాదికి సంఘములో నలుగురు పెద్దల ముందట ఈ ప్రసంగము వచ్చినప్పుడు సగముమంది అటును, సగముమంది ఇటును చీలిరి. ఒక పెద్దమనిషి, "మన బిడ్డ మన గడ్డకు ఆడితే తప్పేమి? ఇక్కడ ఎన్ని తరాలున్నా మనలను బయటివారనే అంటారు" అనిరి. ఆ మాటలో బొత్తిగా నిజము లేదని మేము చెప్పజాలము. మావాని పేరు, ఇంటిపేరు చదివి, ఒక పోటీలో బల్లదగ్గఱ కూర్చున్న యొకరు "మీది యే ఊరు?" అని అడిగి, బెంగుళూరని చెప్పినను "అది సరే, అసలు ఊరు?" అని మరల అడిగినమాట వాస్తవము. ఇంకొక పెద్దమనిషి, "ఉప్పు ఈ ఊరిది, నీరు ఈ ఊరిది, బల్ల ఈ ఊరిది, పేరుమాత్రము ఎక్కడికో పంపుదామా?" అని అడిగిరి. ఇది వినుటకు సొంపుగా నున్నదిగాని, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాని బ్రతుకును ఒక సామెతమీద నిలుపుట మాకు నచ్చదు.

మా అభిప్రాయము నాడే చెప్పితిమి. పంకజ్ అద్వానీ పూనాలో పుట్టి, కువైటులో కొన్నాళ్ళు పెరిగి, పిదప బెంగుళూరు చేరిన సింధీ కుటుంబపు బిడ్డ. ఈ ఊరిలోనే అరవింద్ సావూర్‌గారివద్ద శిక్షణ పొందెను. 2003లో ప్రపంచ స్నూకరు, 2005లో బిల్లియర్డ్సు రెండు పద్ధతులలోను గెలిచి, 2008లో మన బెంగుళూరుననే ఆ జంట విజయమును మరల సాధించెను. 2006, 2010 ఆసియా క్రీడలలో రెండుమార్లును బిల్లియర్డ్సు స్వర్ణపతకము తెచ్చెను. 2024 నాటికి అతనికి 28 ప్రపంచ బిరుదములు. బెంగుళూరు అతనిని తనవాడనియే చెప్పుకొనును. అసలు ఊరేదని అడుగుట ఓడినవానినిగూర్చియే గాని గెలిచినవానినిగూర్చి కాదు. ఇంకొక సంగతియు చెప్పితిమి. అమెరికాకును ఐరోపాకును 1994నుండి మోస్కోనీ కప్పు అను పూల్ పోటీ జరుగుచున్నది. జట్టునకు ఐదుగురు, కొందఱిని ఆటలో వచ్చిన వరుసనుబట్టి తీసికొందురు, కొందఱిని నాయకుడు తన యిష్టముచేత ఎన్నుకొనును. 2010నుండి 2017వఱకు ఎనిమిదేండ్లు అమెరికావారు వరుసగా ఓడిరి. ఆ ఓటముల నడుమనే, 2017 పోటీకి ముందు, వారు తమ్ము పలుమార్లు ఓడించిన ఐరోపా జట్టు నాయకుడు, హాలండువాడు, జోహాన్ రౌసింక్‌నే తమ నాయకునిగా పెట్టుకొనిరి. 2018లో లండనులో 11–9 తేడాతో అమెరికా గెలిచెను. హాలండువాడు అమెరికాకు పనిచేయగా లేని దోషము, చిత్తూరు మూలముగల కుఱ్ఱవాడు కర్ణాటకకు ఆడుటలో ఎక్కడినుండి వచ్చును? అటులనే ఆంధ్రకు ఆడినను దోషము లేదు. కాని తేలికయని పోవుట వేఱు, తనదని పోవుట వేఱు. ఏదో ఒకటి వాడు చెప్పవలయునుగాని మనము చెప్పరాదు అంటిమి.

వానిని అడిగితిమి. వాడు వెంటనే బదులు చెప్పలేదు. కొన్ని రోజులకు మా ప్రక్కన కూర్చుండి చెప్పిన కారణము మే మూహింపనిది. "తాతయ్యా, పోయినసారి హైదరాబాదుకు ఆడను పోయినప్పుడు అక్కడి పిల్లలు నా తెలుగు విని నవ్వినారు. ‘ఆడుకుంటా ఉండాను’ అంటే చాలు, మళ్ళీ చెప్పమని అడిగినారు. వాళ్ళు మంచివాళ్ళే, భోజనం కూడా పెట్టించినారు. కానీ అక్కడ నేను తెలుగువాణ్ణి కాదు, బెంగుళూరోణ్ణి. ఇక్కడ బెంగుళూరోణ్ణి కాదు, తెలుగువాణ్ణి. బల్ల దగ్గర మాత్రం ఎవరూ అడగరు. అందుకని బల్ల ఎక్కడ బాగుంటే అక్కడే ఉంటాను."

ఈ మాట వినినప్పుడు మా ఇంటివారు కొంగుతో కన్నులు ఒత్తుకొనిరి. మాకు మాత్రము హైదరాబాదు పిల్లలమీద కొంత కోపము వచ్చెను. మన ఇంటి తెలుగు మూడు తరములనాడు పలమనేరు పొలములలో పలికిన తెలుగు. దానిని దారిలో పారవేయక మోసికొని వచ్చితిమి. రెండు కన్నడ మాటలు కలిసినంతమాత్రమున నవ్వదగినది కాదు. ఈ సంగతి ప్రస్తుతమునకు సంబంధింపనిదైనను, ఈ సంచిక చదువు బళ్ళారి, హోసూరు, బరంపురము వారికి సంబంధించునని వ్రాసితిమి.

వాడు ఇచటనే నిలిచెను. ఒక సంవత్సరమంతయు తెల్లబంతిని నిలుపుట ఒక్కటే నేర్చెను. బంతిని పడవేయుట ఎవరైన నేర్తురట. పడవేసిన పిదప తెల్లబంతి ఎక్కడ ఆగవలెనో అక్కడ ఆగించుటయే ఆటయట. ఫిలిప్పీను దేశపు ఎఫ్రెన్ రేయెస్ చిన్ననాడు మామయ్య పూల్ శాలలో బల్లమీదనే పండుకొని పెరిగెననియు, 1999లో ప్రపంచ తొమ్మిది బంతుల బిరుదము గెలిచెననియు, అతని ఆటలను రాత్రులు చూచుచు మాకును చూపించెను. మాకు వేగము అర్థము కాలేదుగాని, ఆ ముసలివాని ముఖమున నున్న సిగ్గు నచ్చెను. మరుసటి ఎంపికలో మావానికి రాష్ట్రజట్టున చోటు దొరకెను. ఈసారి మేము చూడబోలేదు; ఫోనులో వింటిమి.

జాతీయ పోటీలు ఉత్తరదేశమున జరిగెను. మొదటి రోజులలో వాడు ఇద్దఱు గట్టివారిని ఓడించి, మూడవనాడు రైల్వేజట్టువాని చేతిలో ఓడిపోయెను. భారతజట్టునకు ఎంపికైనవారిలో వాని పేరు లేదు. ఈసారి తెల్లబంతి ఏ తప్పును చేయలేదనియు, ఎదిరివాడు తనకంటె మంచివాడనియు వాడే చెప్పెను. అట్లు చెప్పుట చూచి, గెలిచి వచ్చినప్పటికంటె మా అల్లునిగారు ఎక్కువ నెమ్మదిగా నుండిరి.

ఈ ఆటలో నెగ్గుటకు ఎంత కష్టమో, నెగ్గినపిదప దక్కునదియు అంత తక్కువ. బల్లమీది ఆటలు 1998లో బాంకాకునందు మొదటిసారి ఆసియా క్రీడలలో చేరినవి. నాటి బిల్లియర్డ్సు జంటల స్వర్ణము గీత్ సేఠీ, అశోక్ శాండిల్య మన దేశమునకు తెచ్చిరి. 2010లో గ్వాంగ్‌ఝౌ తరువాత 2014, 2018 క్రీడలలోను, 2023లో హాంగ్‌ఝౌలో జరిగినవానిలోను ఈ ఆటలకు చోటు లేకపోయెను. ఒలింపిక్సులో ఇవి ఎన్నడును లేవు. పతకము లేనిచోట ప్రభుత్వపు ప్రోత్సాహమును తక్కువే. కఱ్ఱ, ప్రయాణము, బసవెచ్చము ఇంటివారిమీదనే పడును. మా పింఛనులో కొంత దీనికి పోవుచున్నది, పోనిండు. కాని ఉద్యోగము లేక ఎన్నాళ్ళు? అందుచేతనే మన దేశమున పేరుగల ఆటగాండ్రు పలువురు రైల్వేలలోనో పెట్రోలియము సంస్థలలోనో చేరి, ఆ సంస్థల తరపుననే జాతీయ పోటీలలో ఆడుదురు. వారి చొక్కామీద ఏ రాష్ట్రపు పేరును ఉండదు.

గత మాసమున రైల్వేవారి క్రీడాకారుల నియామకపు ప్రకటన చూచి మావాడు దరఖాస్తు తెచ్చుకొనెను. తిరుపతి బావమఱదికి చెప్పగా, "అయితే మన ఇద్దరి గొడవా తీరిపోయింది" అని నవ్వెను. దరఖాస్తులో తండ్రిపేరు, చదువు, స్వస్థలము, మాతృభాష అని వరుసగా గడులు ఉన్నవి. వానిని వాడే నింపుకొనెను. స్వస్థలమునకు ఎదురుగా ఏమి వ్రాసెనో మేము అడుగలేదు. ఆడిన పోటీల పట్టికమాత్రము మాచేత వ్రాయించుకొనెను, మా దస్తూరి ఇంకను కచేరీ దస్తూరిగనే యున్నదట. రెండు కాగితములు పట్టెను. ఎంపిక ఆటలు వచ్చు మాసమున.